తొమ్మిదేళ్ల ఫొటోలు ఉన్నాయి, పుస్తకం ఎక్కడ మొదలుపెట్టాలి?

తునికాకు (నిజామాబాద్)

అందరికీ నమస్తే. ఇక్కడ రెండేళ్లుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

మా అమ్మ బీడీలు చుడుతుంది. అమ్మమ్మ కూడా చుట్టేది. 2015లో మొదటి జీతంతో ఒక సెకండ్ హ్యాండ్ కెమెరా కొన్నాను. దానితో ముందు తీసింది అమ్మ చేతులనే. ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన ఆకు, పక్కన తంబాకు. ఆ తర్వాత పక్కింటి అత్త, ఆమె కోడలు, అలా మా వాడకట్టు మొత్తం. సెలవు దొరికినప్పుడల్లా ఊరికి పోయి తీస్తూనే ఉన్నాను. తొమ్మిదేళ్లు దాటింది. హార్డ్ డిస్కులో 14 వేల పైచిలుకు ఫొటోలున్నాయి.

పోయిన నెల ఒక ప్రచురణకర్తకు 40 ఫొటోలు పంపాను. "ఫొటోలు బాగున్నాయమ్మా, కానీ ఇది పుస్తకం కాదు" అన్నారు. వారం రోజులు నిద్ర పట్టలేదు. ఆయన మీద కోపం లేదు, ఆ మాట నిజమేనేమో అని భయం.

ఇప్పుడు నా పరిస్థితి ఏంటంటే, రోజూ రాత్రి కూర్చుని ఎంచుదామని ఫోల్డర్ తెరుస్తాను. ఒక్కటి కూడా తీసేయబుద్ధి కాదు. ఇది తీసేస్తే యాదమ్మ పెద్దమ్మ పోతుంది, అది తీసేస్తే మా అక్క పెళ్లి ముందు రోజు పోతుంది. దీర్ఘకాలం ఒకే విషయం మీద పనిచేసి పుస్తకం వేసిన ఆడవాళ్లు ఎలా చేశారో తెలిసినవాళ్లు చెప్పండి. నాకు డిజైన్ రాదు, ప్రెస్సు తెలియదు, చేతిలో పెద్దగా డబ్బు కూడా లేదు.

చీకటిగది (విజయవాడ)

అమ్మా, ముందు ల్యాప్‌టాప్ మూసెయ్యండి.

ఒక 500, 600 ఫొటోలు త్వరత్వరగా ఏరండి, ఎక్కువ ఆలోచించొద్దు. వాటిని పోస్టుకార్డు సైజులో మామూలు స్టూడియోలో ప్రింటు తీయించండి. ఇంట్లో పెద్ద గది ఖాళీ చేసి నేల మీద పరవండి. నిలబడి చూడండి. చేత్తో జరపండి. స్క్రీన్ మీద ఒక్కో ఫొటో ఒంటరిగా కనిపిస్తుంది, కాబట్టి మీరు దాని అందం మాత్రమే చూస్తారు. నేల మీద పెడితే దాని పక్కన ఏది ఉండాలో కంటికి తెలుస్తుంది. పుస్తకంలో మనం చూపించేది ఆ పక్కపక్కన ఉండటాన్నే.

మీలాగే మొదలుపెట్టిన మనిషి గురించి ఒక మాట. ఫొటోగ్రాఫర్ దయానితా సింగ్ అహ్మదాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో విద్యార్థినిగా ఉన్నప్పుడు తబలా విద్వాంసుడు జాకిర్ హుస్సేన్‌ను ఫొటోలు తీయడం మొదలుపెట్టారు. సంగీతకారులతో కలిసి ఏళ్ల తరబడి తిరిగారు. కత్తిరించి, అతికించి చేత్తో ఒక నమూనా పుస్తకం చేశారు. 1986లో అది అచ్చయింది. 33 ఏళ్ల తర్వాత, 2019లో, జర్మనీలోని స్టైడల్ సంస్థ ఆ చేతి నమూనానే ఉన్నది ఉన్నట్టుగా మళ్లీ అచ్చు వేసింది. జిగురు మరకలతో ఉన్న విద్యార్థిని పని అంత విలువైనది అయిందంటే, అందులో ఆలోచన కనిపిస్తుంది కాబట్టే.

మీరూ అలాంటి డమ్మీ ఒకటి చెయ్యండి. ప్రచురణకర్తకు విడి ఫొటోలు పంపితే ఆయనకు ఫొటోలే కనిపిస్తాయి. డమ్మీ చేతికిస్తే పుస్తకం కనిపిస్తుంది.

గోదారిగట్టు (రాజమండ్రి)

అక్కా, చదువుతుంటే నా గురించే రాసినట్టుంది. పోలవరం ముంపు ఊళ్లలో నేను ఆరేళ్లు తీశాను. నా ఫొటోల్లో ఉన్న ఇళ్లు కొన్ని ఇప్పుడు నేల మీద లేవు. అందుకే తీసేయడం ఇంకా కష్టం. పెద్దాయన చెప్పింది నేను చేశాను, పనిచేస్తుంది. కాకపోతే మొదటి రోజు ఏడుపొస్తుంది, సిద్ధంగా ఉండండి.

నీలిముద్ర (హైదరాబాద్)

ఫొటోగ్రఫీ చెబుతుంటాను కాబట్టి ఈ విషయం వస్తే ఆగలేను, కాస్త పొడవుగా రాస్తే భరించండి.

ఫొటోలతో వచ్చిన మొట్టమొదటి పుస్తకం చేసింది ఒక ఆడమనిషి. ఇంగ్లండులో అన్నా అట్కిన్స్. ఆమె వృక్షశాస్త్రం మీద ఇష్టం ఉన్న మనిషి. 1842లో జాన్ హెర్షెల్ సయనోటైప్ అనే పద్ధతి కనిపెట్టారు. ఇనుము లవణాలు పూసిన కాగితం మీద వస్తువు పెట్టి ఎండలో ఉంచి, నీళ్లలో కడిగితే వస్తువు తెల్లగా, చుట్టూ ముదురు నీలంగా వస్తుంది. ఆ మరుసటి ఏడాదే, 1843లో, అన్నా సముద్రపు నాచు మొక్కల్ని ఆ కాగితాల మీద పరిచి ముద్రలు తీయడం మొదలుపెట్టారు. ముందుమాట, పేర్లు కూడా తన చేతిరాతతోనే, అదే నీలంలో. పదేళ్లు పట్టింది, 1853 దాకా. ప్రతి ప్రతిలో ప్రతి పేజీ విడిగా ఎండలో పెట్టి తీసిందే.

రెండు విషయాలు మీకు పనికొస్తాయి. ఒకటి, ఆమె పదేళ్లు ఆగి ఒకేసారి పుస్తకం వేయలేదు. భాగాలు భాగాలుగా తయారుచేసి తెలిసినవాళ్లకు, సంస్థలకు పంపుతూ వచ్చారు. మీరు కూడా తొమ్మిదేళ్లనూ ఒకే అట్ట మధ్య ఇరికించాలని లేదు. రెండోది నాకు ఎప్పుడూ బాధ కలిగించే విషయం. ఆమె ముందుమాట కింద 'ఎ.ఎ.' అని మాత్రమే సంతకం పెట్టారు. ఆ తర్వాతి కాలంలో ఒకాయన ఆ రెండక్షరాలంటే 'అనానిమస్ అమెచ్యూర్', అంటే 'అజ్ఞాత అభిరుచిపరుడు' అని చెప్పుకున్నారు. పదేళ్లు ఎండలో నిలబడి చేసిన పని, పేరు లేకుండా పోయేది. దయచేసి మీ పేరు అట్ట మీద పూర్తిగా వేసుకోండి.

తునికాకు

అందరికీ చాలా థాంక్స్. చీకటిగది గారూ, మీరు చెప్పినట్టే చేశాను. మా బజారులోని స్టూడియోలో 620 ప్రింట్లు తీయించాను. వాటిని నా గదిలో పరవడానికి చోటు సరిపోలేదు, ఊరికి తీసుకుపోయాను. మా ఇంటి ముందటి గచ్చు మీద పరిచాను.

అప్పుడు నేను అనుకోనిది జరిగింది. అమ్మ వచ్చింది. తర్వాత అత్తలు, పెద్దమ్మలు చాటలు పక్కన పెట్టి వచ్చారు. నేను "చూడండి" అని కూడా అనలేదు, వాళ్లే జరపడం మొదలుపెట్టారు. వెలుతురు, ఫ్రేము అని నేను మనసులో పెట్టుకున్న వరస మొత్తం చెదిరిపోయింది. వాళ్ల లెక్క వేరే ఉంది. ఎవరింటి అరుగు మీద తీసిందో ఆ ఇంటివి ఒక కుప్ప. చనిపోయినవాళ్లు ఒక కుప్ప. పిల్లలుగా పక్కన కూర్చుని ఆకు కత్తిరించి ఇప్పుడు పెళ్లయి పోయినవాళ్లు ఒక కుప్ప. నాకు బాగా నచ్చిన ఒక ఫొటో ఉంది, సాయంత్రం ఎండలో తంబాకు దుమ్ము మెరుస్తూ ఉంటుంది. దాన్ని అమ్మ చేతిలోకి తీసుకుని "ఇది దగ్గు కుప్పలో పెట్టు" అంది. నాకు గుండె ఆగినంత పనైంది. అలాంటి కుప్ప ఉండాలని తొమ్మిదేళ్లలో నాకు తట్టలేదు.

ఇప్పుడు నా దగ్గర 180 ఉన్నాయి. ఇంకా ఎక్కువేనని తెలుసు. కానీ వాళ్లు చేసిన కుప్పల ఫొటో తీసి పెట్టుకున్నాను. పుస్తకం వరస అదే కావాలని అనిపిస్తోంది. ఇలా ఎవరైనా చేశారా?

ఫారం పదహారు (హైదరాబాద్)

నేను ప్రెస్సులో పనిచేస్తాను. కళ సంగతి పైవాళ్లు చెబుతారు, నేను కాగితం సంగతి చెబుతాను.

మేడమ్, పేజీల సంఖ్య 16తో భాగించబడేలా చూసుకోండి. పెద్ద షీటు రెండు వైపులా అచ్చయి మడత పడితే 16 పేజీల ఫారం అవుతుంది. 96 పేజీలంటే ఆరు ఫారాలు. మీరు 100 పేజీలు చేసుకొస్తే ఆ నాలుగు పేజీల కోసం ఇంకో షీటు, ఇంకో సెట్టు అచ్చు ప్లేట్లు. ఖర్చు అక్కడే పెరుగుతుంది.

కాపీలు 100, 150 అయితే డిజిటల్‌లో వేయించండి. 500 దాటితే ఆఫ్‌సెట్. ఆఫ్‌సెట్‌లో ప్లేట్లు, మెషిన్ సెట్టింగు, రంగు కుదిరేదాకా పోయే షీట్లు, ఇదంతా మొదటి కాపీ బయటికి రాకముందే అయ్యే ఖర్చు. అందుకే కాపీలు పెరిగేకొద్దీ ఒక్కో పుస్తకం ధర తగ్గుతుంది. అలాగని ధర తగ్గుతుంది కదా అని వెయ్యి వేసి మంచం కింద పెట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను. అమ్మగలిగినన్నే వేయించండి.

మీవి ఇళ్ల లోపల తీసిన ఫొటోలు. అంటే నీడలు ఎక్కువ. కోటింగ్ లేని కాగితం, అంటే మాప్లితో లాంటిది, సిరా పీల్చుకుంటుంది. సిరా చుక్క పాకుతుంది, నీడలన్నీ కలిసి మసి ముద్దలా అవుతాయి. స్క్రీన్ మీద కనిపించిన చీర అంచు కాగితం మీద కనిపించదు. కోటింగ్ లేని కాగితమే కావాలంటే ఫైలులో నీడల్ని ముందే కాస్త తెరవాలి. లేదంటే మ్యాట్ ఆర్ట్ పేపర్, అంటే కోటింగ్ ఉన్నా మెరవని కాగితం, 150 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 150 గ్రాముల బరువు) తీసుకోండి. ఏదైనా సరే, బాగా చీకటిగా ఉన్న మూడు ఫొటోలు ఆ కాగితం మీదే టెస్టు ప్రింటు తీయించకుండా సరే అనకండి.

ఎడిసన్ నుంచి (న్యూజెర్సీ)

తునికాకు గారూ, ఆ 'దగ్గు కుప్ప' చదివి చాలాసేపు కూర్చుండిపోయాను. మా మేనత్త కోరుట్లలో బీడీలు చుట్టి ముగ్గురు పిల్లల్ని చదివించింది.

ఒక సందేహం అడుగుతాను, తప్పుగా అనుకోకండి. అమెరికన్ ఫొటోగ్రాఫర్ మేరీ ఎలెన్ మార్క్ ముంబై ఫాక్లండ్ రోడ్డులోని వేశ్యావాటికల్లో 1978లో తీసిన ఫొటోలు 1981లో పుస్తకంగా వచ్చాయి. అంతకుముందు పదేళ్లపాటు ఆమె ఎప్పుడు ప్రయత్నించినా అక్కడి ఆడవాళ్లు చెత్త, నీళ్లు విసిరికొట్టారట. చివరికి స్నేహం చేసుకుని లోపలికి వెళ్లారు. ఆ ఫొటోలు గొప్పవే. కానీ అందులో ఉన్న అమ్మాయిల ముఖాలు ప్రపంచం మొత్తం తిరిగాయి, వాళ్ల చేతికి ఆ పుస్తకం ఎంతవరకు వెళ్లిందో అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. మీ పుస్తకం ఎవరి బల్ల మీద ఉంటుంది? హైదరాబాదులో, న్యూయార్కులో మాలాంటి వాళ్ల బల్ల మీదేనా?

దీనికి పూర్తిగా వేరే దారి పట్టిన ఫొటోగ్రాఫర్ సుసాన్ మైసెలస్. 1972 నుంచి 1975 దాకా వేసవుల్లో న్యూ ఇంగ్లండ్ జాతరల్లో గుడారాల్లో బట్టలు విప్పి ఆడే అమ్మాయిల వెంట తిరిగారు. ఫొటోలతో పాటు టేపు రికార్డరు కూడా పెట్టారు. అమ్మాయిలు, వాళ్ల మేనేజర్లు, చూడడానికొచ్చిన మగవాళ్లు, అందరి మాటలూ 1976లో వచ్చిన కార్నివాల్ స్ట్రిప్పర్స్ పుస్తకంలో ఫొటోల పక్కనే ఉంటాయి. అదే మనిషి 1981లో నికరాగ్వా విప్లవం మీద పుస్తకం వేశారు. 2004లో ఆ ఫొటోల్ని గోడంత పెద్దవి చేయించి తిరిగి ఆ దేశానికే తీసుకెళ్లి, తీసిన చోట్లలోనే నిలబెట్టారు. పుస్తకం వచ్చిన రెండు దశాబ్దాల తర్వాత కూడా బాకీ తీరలేదనుకున్న మనిషి ఆమె. నాకు ఆమె అంటే అందుకే గౌరవం.

చీకటిగది

ఎడిసన్ గారూ, ఫాక్లండ్ రోడ్డు విషయంలో మీతో పూర్తిగా ఏకీభవించలేను. పదేళ్లు తిట్లు తిని కూడా మళ్లీ వెళ్లడం దోచుకోవడానికి అనుకోవడం సులభం. ఆ మనిషి మిగతా జీవితం కూడా చూడాలి. సియాటిల్ వీధుల్లో 1983లో కలిసిన టైనీ అనే పిల్లను ముప్పై ఏళ్లకు పైగా ఫొటోలు తీస్తూనే ఉన్నారు. ఆ పిల్ల తల్లి అయింది, పది మంది బిడ్డల తల్లి అయింది. టైనీ మీద చివరి పుస్తకం 2015లో, మేరీ ఎలెన్ చనిపోయిన ఏడాదే వచ్చింది. ఫొటో తీసుకుని వెళ్లిపోయే మనుషులు అలా తిరిగి రారు.

అయితే మీ ప్రశ్న మాత్రం సరైనదే. పుస్తకం ఎవరి చేతికి వెళుతుందన్నది ప్రింటుకు ముందే తేల్చుకోవాలి.

నీలిముద్ర

తునికాకు గారి ప్రశ్నకు జవాబు మన దేశంలోనే ఉంది. 'ఇలా ఎవరైనా చేశారా' అన్నారు కదా.

ఫొటోగ్రాఫర్ గౌరీ గిల్ 1999 నుంచి పశ్చిమ రాజస్థాన్ పల్లెల్లో తీస్తున్నారు. 2003లో బికానేర్ జిల్లా లూణకరణ్‌సర్‌లో ఒక స్వచ్ఛంద సంస్థ ఆడపిల్లల కోసం మేళా పెట్టింది. అందులో ఆమె ఒక గుడారం స్టూడియో పెట్టుకుని కూర్చున్నారు. వచ్చిన పిల్లలు ఎవరితో నిలబడాలో, ఏ వస్తువు పట్టుకోవాలో, నవ్వాలో వద్దో వాళ్లే తేల్చుకున్నారు. 2010లో మళ్లీ అక్కడికి వెళ్లారు. 2012లో బాలికా మేళా పుస్తకం జ్యూరిక్‌లోని ఎడిషన్ ప్యాట్రిక్ ఫ్రై నుంచి వచ్చింది. హిందీలో కూడా వచనం ఉంది, ఆ ఆడపిల్లల్లో ఒకరు రాసిన భాగం కూడా ఉంది. 1984 నాటి సిక్కు వ్యతిరేక హింస మీద ఆమె చేసిన '1984' అనే పనినైతే ఎవరైనా ఉచితంగా దించుకుని చదువుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టేశారు. రాజస్థాన్ పనికి 2023లో ప్రీ పిక్టే అనే అంతర్జాతీయ ఫొటోగ్రఫీ బహుమతి వచ్చింది. మొదలుపెట్టిన 24 ఏళ్లకు!

ఇంకొకటి. దయానితా సింగ్ 1989లో లండన్ పత్రిక కోసం పాత ఢిల్లీలో హిజ్రాల మీద పని చేస్తూ మోనా అహ్మద్‌ను కలిశారు. ఆ ఫొటోలు లండన్‌లో ఉన్న బంధువుల కంటబడతాయని మోనా భయపడితే ఫిల్ము తిరిగి ఇచ్చేశారు. ఒక ఫొటోగ్రాఫరుకు ఫిల్ము ఇచ్చేయడమంటే ఏంటో మనందరికీ తెలుసు. ఆ రోజు ఇచ్చేయడం వల్లే స్నేహం నిలిచింది. 2001లో మైసెల్ఫ్ మోనా అహ్మద్ అనే పుస్తకం వచ్చినప్పుడు, అందులో మాటలు మోనావే, ప్రచురణకర్తకు ఆమె పంపిన ఈమెయిళ్లు. పుస్తకం పేరు కూడా మోనా గొంతులోనే ఉంది, గమనించండి.

మీ అమ్మగారు, పెద్దమ్మలు చేసిన కుప్పలే వరసగా పెట్టండి. వాళ్లు అన్న మాటలు మర్చిపోకముందే రాసి పెట్టుకోండి.

అక్షరాల దుకాణం (గుంటూరు)

డీటీపీ చేసేవాడిగా చిన్న సలహా. వాళ్ల మాటలు వేస్తే వాళ్ల యాసలోనే వేయండి, 'శుద్ధి' చేయకండి. యూనికోడ్ ఫాంటే వాడండి. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగు ఆన్ చేయకపోతే ఒత్తులు ఊడి పక్కన పడతాయి. ప్రెస్సుకు పీడీఎఫ్ పంపాక కూడా ప్రతి పేజీలో ఒత్తులు ఒకసారి చూసుకోండి. ఫొటోలు ఎంత బాగున్నా 'అమ్మ' అనే మాట విరిగిపోయి అచ్చయితే చూడలేం.

గోదారిగట్టు

అక్కా, నా దెబ్బ మీకు తగలకూడదని చెబుతున్నా. పోయినేడాది నా పుస్తకం 200 కాపీలు ఒక ప్రెస్సులో వేయించాను, పేరు వద్దు. గమ్ బైండింగ్ చౌక అని ఒప్పుకున్నాను. నా ముఖ్యమైన ఫొటో రెండు పేజీలకు పరిచింది. ఇల్లు ఖాళీ చేస్తున్న ముసలమ్మ, తలుపు చెక్క భుజాన పెట్టుకుని. పుస్తకం తెరిస్తే ఆ ముసలమ్మ ముఖం సరిగ్గా నడుమ మడతలోకి వెళ్లిపోయింది. గట్టిగా విప్పి చూస్తే పేజీ ఊడొచ్చింది. ఆవిడకు కాపీ ఇవ్వడానికి వెళ్లినప్పుడు పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి "నేనెక్కడున్నానమ్మా" అంది. ఆ మాట నేను ఎప్పటికీ మర్చిపోను.

కుట్టు బైండింగే చేయించండి. మనిషి ముఖం నడుమ మడతలో పడకుండా చూడండి. డమ్మీని అసలు సైజులో, అసలు మందం కాగితంతో చేసి చూస్తే ఇది ముందే తెలిసేది. నేను కంప్యూటర్లో మాత్రమే చూసుకున్నాను.

ఎడిసన్ నుంచి

డబ్బు సంగతి. ఫొటోగ్రాఫర్ క్యారొలిన్ డ్రేక్ మధ్య ఆసియాలో ఆము దర్యా, సిర్ దర్యా నదుల వెంట ఏళ్ల తరబడి తిరిగి తీసిన ఫొటోలను టూ రివర్స్ అని 2013లో సొంతంగా వేసుకున్నారు. ముందే కిక్‌స్టార్టర్ అనే వెబ్‌సైట్‌లో కొనేవాళ్ల దగ్గర డబ్బు పోగుచేశారు. అందులో ఒక ఫొటో పేజీ అంచు దాటి వెనక పేజీలోకి పారుతుంది, నది పారినట్టు. చిన్న పెట్టుబడితో, ఎవరి అనుమతీ లేకుండా చేయగలిగిన ధైర్యం అది. స్పెయిన్‌లో పత్రికా ఫొటోగ్రాఫరుగా పనిచేసిన క్రిస్టినా దె మిద్దెల్ కూడా 2012లో ది ఆఫ్రొనాట్స్ వెయ్యి కాపీలు సొంతంగానే వేశారు. అవన్నీ అయిపోయాయి.

మనవాళ్ల కోసం ఢిల్లీ అల్కాజీ ఫౌండేషన్ ఫొటోబుక్ గ్రాంటు ఇస్తూ వచ్చింది, ఇప్పుడూ ఉందేమో కనుక్కోండి. బయట ఫ్రాన్స్‌లోని ఆర్ల్, జర్మనీలోని కాసెల్ ఫొటో పండుగల్లో డమ్మీలకే ప్రత్యేకంగా పోటీలున్నాయి, అంటే అచ్చు కాకముందు చేతి నమూనాతోనే పోటీ పడవచ్చు. హైదరాబాదులో 2015 నుంచి జరుగుతున్న ఇండియన్ ఫొటో ఫెస్టివల్‌లో పోర్ట్‌ఫోలియో రివ్యూలు ఉంటాయి, అంటే తెలిసినవాళ్లు మన పని చూసి సలహా చెబుతారు, అక్కడికి డమ్మీతో వెళ్లండి.

ఇంకో ఆలోచన. అమెరికన్ ఫొటోగ్రాఫర్ నాన్ గోల్డిన్ తన స్నేహితుల మీద చేసిన పుస్తకం 1986లో వచ్చేముందు ఏళ్ల తరబడి స్లైడ్ షోగానే నడిచింది. న్యూయార్క్ క్లబ్బుల్లో పాటలు పెట్టి, ఫొటోల్లో ఉన్న స్నేహితుల ముందే చూపించేవారు. మీరూ అచ్చుకు పోకముందు ఒక రాత్రి మీ వాడకట్టులో గోడ మీద వేసి చూపించండి. 25 పుస్తకాలు నేను ఇప్పుడే రాసుకుంటున్నాను. ఇక్కడి మా తెలుగు సంఘంలో ఇంకో పది మందితో మాట్లాడతాను.

ఫారం పదహారు

సొంతంగా వేసుకునేవాళ్లకు రెండు ముక్కలు. ఐఎస్‌బీఎన్, అంటే ప్రతి పుస్తకానికీ ఇచ్చే గుర్తింపు నంబరు, మన దేశంలో ఉచితం. రాజా రామ్‌మోహన్ రాయ్ ఏజెన్సీ వెబ్‌సైట్‌లో దరఖాస్తు చేసుకుంటే చాలు, మధ్యలో ఎవరికీ డబ్బు కట్టనవసరం లేదు. పుస్తకం వచ్చాక 1954 చట్టం ప్రకారం కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి, ఇంకా మూడు లైబ్రరీలకు కాపీలు పంపాలి. చాలామంది పంపరు. మీరు పంపండి. ఎప్పుడో ఎవరో బీడీ పని గురించి వెతుక్కుంటూ వస్తే అక్కడ దొరుకుతుంది.

తునికాకు

ఇన్ని రోజులు రాయలేదని ఏమనుకోకండి. డమ్మీ అయ్యింది. రాయాల్సింది చాలా ఉంది.

సైజు దగ్గరే నెల రోజులు ఆగిపోయాను. ఒకరోజు అమ్మ పెట్టెలో ఆమె పాత బీడీ లెక్కల పుస్తకం కనిపించింది. రోజుకు ఎన్ని బీడీలు ఇచ్చిందో కంపెనీవాళ్లు రాసే చిన్న పుస్తకం. ఏళ్ల తరబడి చేతుల్లో నలిగి అంచులు గుండ్రంగా అయిపోయాయి. నా పుస్తకం కూడా అదే సైజు, అరచేతిలో పట్టేంత. ఆరు ఫారాలు, 96 పేజీలు, 71 ఫొటోలు. కుప్పల వరసే ఉంచాను. ఏ ఫొటోనూ రెండు పేజీలకు పరవలేదు. గోదారిగట్టూ, మీ ముసలమ్మను తలుచుకునే అలా చేశాను.

కలర్ జిరాక్స్ తీసి, మడిచి, అమ్మే దబ్బనంతో కుట్టింది. మంచి దారం ఏదో ఆమెకే తెలుసు.

ఎడిసన్ గారు చెప్పినట్టు ముందు గోడ మీద చూపించాను. మా అన్న ప్రొజెక్టర్ అద్దెకు తెచ్చాడు. ఆ రాత్రి ఎవరూ ఇళ్లకు పోలేదు. చనిపోయినవాళ్ల కుప్ప వచ్చినప్పుడు పేర్లు పిలిచారు. ఒక్కొక్కరి పేరు, ఎవరి బిడ్డో, ఏ ఊరి నుంచి వచ్చిందో. నేను ఫోన్‌లో రికార్డు చేశాను. ఆ పేర్లే ఆ పేజీల కింద వేస్తున్నాను, వేరే క్యాప్షన్ లేదు.

మర్నాడు డమ్మీ చేతులు మారింది. ఒక అక్క రెండుసార్లు మొత్తం తిప్పి, 43వ పేజీ దగ్గర ఆగింది. కొడుకు జ్వరంతో ఒళ్లో పడుకుని ఉంటే ఒక చేత్తో వాడి నుదురు, ఒక చేత్తో బీడీ. నిజం చెప్పాలంటే నేను తీసిన అన్ని ఫొటోల్లో అదే మంచిది. ఆమె మెల్లగా అడిగింది, "ఇది తీసేస్తవా? వాడిప్పుడు కాలేజీకి పోతున్నడు. అమ్మ ఒళ్లో బీడీ చుడుతుంటే పడుకున్నోడని అంటే వాడికి మంచిగుండదు."

ఒక నిమిషం మాట రాలేదు. మోనా ఫిల్ము గుర్తొచ్చింది. తీసేశాను అక్కా అన్నాను. ఫైలు కూడా ఆమె ముందే తీసి పెన్ డ్రైవ్‌లో ఆమెకే ఇచ్చాను. 43వ పేజీ ఖాళీగానే ఉంచుతున్నాను, పేజీ నంబరు మాత్రం ఉంటుంది. 70 ఫొటోలు.

300 కాపీలు అనుకుంటున్నాను. మొదటి 62 మా వాడకట్టువి, ఇంటికి ఒకటి. మిగతావి అమ్మకానికి. ఇప్పటికి 118 మంది ముందే డబ్బు కట్టారు, అందులో సగం మంది ఇక్కడివాళ్లే. నీలిముద్ర గారూ, పేరు పూర్తిగా వేశాను. అమ్మ పేరు కూడా పక్కనే, కుట్టింది ఆమె అని.

ఫారం పదహారు గారూ, మీరున్న ప్రెస్సులోనే వేయించాలని ఉంది. వచ్చేవారం డమ్మీ తీసుకుని రావచ్చా?

చీకటిగది

ఖాళీ పేజీ గురించి ఎవరు ఏమన్నా మార్చకండి. నాకు రెండు కాపీలు రాసుకోండి.

గోదారిగట్టు

నా ముంపు ఊళ్ల పుస్తకం మళ్లీ వేస్తున్నాను అక్కా. ఈసారి ముందు డమ్మీ పట్టుకుని పునరావాస కాలనీకి వెళ్తున్నా.

ఫారం పదహారు

రండి మేడమ్. బుధవారం పొద్దున పదింటికల్లా రండి, మొదటి షీటు పగటి వెలుతురులో చూడాలి, ట్యూబులైటు కింద నీడలు సరిగ్గా తెలియవు. 300 అంటున్నారు కాబట్టి డిజిటల్, ఆఫ్‌సెట్ రెండింటికీ లెక్క కట్టి ఉంచుతాను. టెస్టుకు బాగా చీకటిగా ఉన్న ఫొటోలు మూడు పెట్టుకోండి. అమ్మగారిని కూడా తీసుకురండి. కుట్టు మావాళ్లు చేసేది ఆవిడ ఒకసారి చూసి, దారం సరిపోతుందో లేదో చెప్పాలి.